ఆనర్స్ చదువుకు దాతల స్కాలర్‌షిప్: నాలుగో ఏడాది దాకా నిలిచేది ఏది?

ఇంటర్ ఫలితాలు వచ్చి డిగ్రీ అడ్మిషన్లు మొదలయ్యే రోజుల్లో నెల్లూరు, ఒంగోలు కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో స్కాలర్‌షిప్ లింకులు వరసగా వచ్చిపడతాయి. ఒకదాంట్లో రెండు లక్షలు, ఇంకోదాంట్లో ముప్పై వేలు, మరోదాంట్లో లక్షన్నర. చూసినవాళ్లు పెద్ద అంకె వైపే పరిగెత్తుతారు. ఆనర్స్ చదవాలనుకునేవాళ్లు మాత్రం అంకె కంటే ముందు అడగాల్సిన మాట ఒకటుంది: ఈ డబ్బు నాలుగో ఏడాదికి ఉంటుందా?

ఆ మాట ఎందుకంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో డిగ్రీకి సింగిల్ మేజర్ పద్ధతి, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే పద్ధతి వచ్చింది. మూడేళ్లకు డిగ్రీ పట్టా తీసుకుని బయటికి రావచ్చు, నాలుగో ఏడాది కూడా చదివితే ఆనర్స్. యూజీసీ చట్రంలో మూడేళ్లకు కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు ఆనర్స్ విత్ రీసెర్చ్ తీసుకోవచ్చు, అందులో 12 క్రెడిట్ల పరిశోధన వ్యాసం రాయాలి. నాలుగేళ్లు పూర్తి చేసినవాళ్లకు పీజీ ఒక్క ఏడాదిలో అయిపోయే దారి ఉంది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హత వస్తుంది. ఇంత విలువైన ఏడాదికి ముందే ఇంట్లో “పట్టా వచ్చేసింది కదా, ఇక ఏదైనా పనిచూసుకో” అన్న మాట వస్తుంది. అదే సమయానికి చాలా స్కాలర్‌షిప్‌లు కూడా ఆగిపోతాయి. రెండూ కలిస్తే బాగా చదివే పిల్ల చదువు మూడో ఏడాదితో ముగుస్తుంది.

అందుకని ముందు లెక్క వేసుకోండి. ఉదయగిరి నుంచి వచ్చి నెల్లూరులో ప్రైవేటు హాస్టల్లో ఉంటున్న విద్యార్థిని అనుకుందాం. గది, మెస్ కలిపి నెలకు 5,000 చొప్పున పది నెలలకు 50,000. రెండు సెమిస్టర్ల పరీక్ష ఫీజులు 2,500, పుస్తకాలు, రికార్డులు 3,000, ఊరికి రాకపోకలు 3,000. ట్యూషన్ ఫీజు పక్కన పెట్టినా ఏడాదికి 58,500, నాలుగేళ్లకు 2,34,000 రూపాయలు. మీ అంకెలు వేరుగా ఉంటాయి, కాగితం మీద మాత్రం పెట్టండి. ఏ స్కాలర్‌షిప్‌ను చూసినా ఆ మొత్తంలో ఎంత భాగం, ఏ ఏడాది దాకా మోస్తుందో చూడండి. “30,000 వస్తుంది” అన్నదానికీ “నాలుగేళ్లలో ఎనిమిదో వంతు వస్తుంది” అన్నదానికీ తేడా అప్పుడు తెలుస్తుంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అదే ఎన్నాళ్లు వస్తుందో చెబుతుంది

దాతల సొమ్ము అంతా ఒకే రకం కాదు. దాని పుట్టుక తెలిస్తే దాని ఆయుష్షు తెలుస్తుంది.

మొదటిది ఎండోమెంట్, అంటే కదలని మూలధనం. ఒక కుటుంబం తల్లిదండ్రుల పేరు మీద కాలేజీకో యూనివర్సిటీకో అయిదు లక్షలు ఇస్తుంది. సంస్థ దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి వడ్డీ మాత్రమే ఖర్చుపెడుతుంది. ఏడు శాతం వడ్డీ ఉంటే ఏడాదికి 35,000. రేట్లు అయిదున్నరకు పడితే, 2020-21లో ఇంచుమించు అక్కడికే పడ్డాయి, 27,500. పాతికేళ్ల కిందట 10,000 రూపాయలతో పెట్టిన నిధి ఇప్పుడు ఏటా ఏడెనిమిది వందలే ఇస్తుంది. స్నాతకోత్సవాల్లో ఇచ్చే బంగారు పతకాలు, కాలేజీ డేలో ఇచ్చే ఎండోమెంట్ ప్రైజులు చాలావరకు ఈ తరహావే. వీటి గొప్ప గుణం, దాత ఉన్నా లేకున్నా నిధి ఉంటుంది. లోపం, మొత్తం చిన్నది, పైగా చాలావాటికి నియమం “బి.ఎస్సీ. రసాయనశాస్త్రంలో ప్రథమ స్థానం” అన్నంత ఇరుకుగా ఉంటుంది. ఆ నియమానికి సరిపడే విద్యార్థి లేని ఏడాది డబ్బు అలాగే పేరుకుపోతుంది. ఇక్కడే ఒక అవకాశం దాగి ఉంది, దాని సంగతి చివర్లో.

రెండోది కంపెనీల సీఎస్ఆర్ సొమ్ము, అంటే సామాజిక బాధ్యత కింద ఇచ్చేది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్క గీత దాటినా గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలనీ అదే సెక్షన్ చెబుతుంది. కృష్ణపట్నం రేవు చుట్టూ, చీమకుర్తి గ్రానైట్ వైపు ఉండేవాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. ఈ సొమ్ము ఆర్థిక సంవత్సరం లెక్కన కదులుతుంది. లాభం తగ్గితే నిధీ తగ్గుతుంది. ఒక ప్రాజెక్టును మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ల వరకే కొనసాగించవచ్చు. అందువల్ల సీఎస్ఆర్ స్కాలర్‌షిప్ మొత్తం పెద్దదిగా ఉంటుంది, మాట మాత్రం తరచూ ఒక్క ఏడాదిదే. “రెన్యువల్ ఉంటుంది” అని రాసి ఉన్నా, అది మీ మార్కులతో పాటు వాళ్ల బడ్జెట్ మీద కూడా ఆధారపడుతుంది.

మూడోది ఫౌండేషన్లు. ఇవి ఒక విద్యార్థిని ఎంచుకుంటే చదువు పూర్తయ్యేదాకా చూసుకునే ఉద్దేశంతో ఉంటాయి. ఎంపిక కఠినం, పరీక్ష, ఇంటర్వ్యూ, కొన్నిచోట్ల ఇంటికి వచ్చి చూడటం కూడా ఉంటుంది. ఆ కష్టం పడితే మధ్యలో వదిలేసే భయం తక్కువ. మా లెక్కలో ఆనర్స్ విద్యార్థి మొదట తట్టాల్సిన తలుపు ఇదే.

నాలుగోది ఊరి దాతలు, పూర్వ విద్యార్థులు, కుల సంఘాల ట్రస్టులు, విదేశాల్లో స్థిరపడ్డ మనవాళ్లు. ఈ నేలకు ఇది కొత్త కాదు. టంగుటూరి ప్రకాశం చదువు సాగింది గురువు ఇమ్మనేని హనుమంతరావు నాయుడి అండతో. ఒంగోలు యూనివర్సిటీకి ఇవాళ ఆ శిష్యుడి బిరుదే పేరు. ఈ రకం సాయంలో ఫారాలు తక్కువ, మనిషికి మనిషి మీద నమ్మకం ఎక్కువ. దాత మనసు, ఆరోగ్యం, వ్యాపారం మారితే సాయం కూడా మారుతుంది. విదేశీ సొమ్ము ట్రస్టు ద్వారా వస్తుంటే ఇంకో చిక్కు ఉంది: విదేశీ పౌరసత్వం తీసుకున్న దాత ఇచ్చేది విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కిందికి వస్తుంది, ఆ రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. అది ఆలస్యమైన ఏడాది పిల్లల డబ్బూ ఆగుతుంది. భారత పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేసే ఎన్ఆర్ఐ తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఈ బాధ లేదు. ట్రస్టు వాళ్లను “మా వాయిదా ఏ నెలలో వస్తుంది, కిందటి ఏడాది ఏ నెలలో ఇచ్చారు?” అని అడగడంలో తప్పేమీ లేదు.

పేరున్నవి పక్కపక్కన పెడితే

మొత్తాలు, తేదీలు ఏటా సవరిస్తుంటారు, కాబట్టి దరఖాస్తు రోజున ఆ ఏడాది ప్రకటన చదవండి. కింద చెప్పేది వాటి స్వభావం.

రిలయన్స్ ఫౌండేషన్ అండర్‌గ్రాడ్యుయేట్ స్కాలర్‌షిప్. దేశమంతటా 5,000 మందికి, చదువు మొత్తం మీద రెండు లక్షల వరకు. డిగ్రీ మొదటి ఏడాది రెగ్యులర్ విద్యార్థులకే, ఏ సబ్జెక్టయినా సరే. ఇంటర్‌లో 60 శాతం, కుటుంబ ఆదాయం 15 లక్షల లోపు ఉండాలి, రెండున్నర లక్షల లోపు వాళ్లకు ప్రాధాన్యం. ఆన్‌లైన్ ఆప్టిట్యూడ్ పరీక్ష తప్పనిసరి. ఇక్కడ ఎక్కువమంది ఓడేది మార్కుల్లో కాదు, పరీక్ష రాయకుండా వదిలేయడంలో. ఫారం నింపేసి “అయిపోయింది” అనుకుంటారు, పరీక్ష లింకు మెయిల్‌కు వచ్చి పడి ఉంటుంది. ఇంట్లో కరెంటు, నెట్ మీద నమ్మకం లేకపోతే కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చుంటామని ముందే ప్రిన్సిపాల్‌ను అడగండి. పై లెక్కలో 2,34,000కి రెండు లక్షలు అంటే దాదాపు మొత్తం బరువు ఇదే మోస్తుంది. బీఏ, బీకాం, బీఎస్సీ ఆనర్స్ వాళ్లకు మొదటి ఏడాదిలో దీనిని మించినది తక్కువ. రెండో ఏడాదికి వస్తే ఈ తలుపు మూసుకున్నట్టే.

హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ పరివర్తన్ కింద ఇచ్చే ఈసీఎస్ఎస్ స్కాలర్‌షిప్. సాధారణ డిగ్రీకి 30,000, ప్రొఫెషనల్ డిగ్రీకి 50,000. కిందటి తరగతిలో 55 శాతం, కుటుంబ ఆదాయం రెండున్నర లక్షల లోపు. బలం ఏమిటంటే ఏ ఏడాది చదువుతున్నవాళ్లయినా దరఖాస్తు చేయవచ్చు. ఇంట్లో సంపాదించే మనిషి పోవడం, పెద్ద జబ్బు వంటి కష్టం గత మూడేళ్లలో వచ్చిన కుటుంబాలకు విడిగా ఒక విభాగం ఉంది. బలహీనత, ఇది ఏడాది సాయం. మరుసటి ఏడాది మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. దీన్ని మొదటి ఏడాదిలో కంటే మూడో ఏడాది చివర, నాలుగో ఏడాదికి ఆదుకునే సాయంగా చూడటం తెలివైన పని.

విద్యాధన్. సరోజినీ దామోదరన్ ఫౌండేషన్ నడిపేది, మన రాష్ట్రంలోనూ ఉంది. దీని తలుపు డిగ్రీలో తెరుచుకోదు, పదో తరగతి తర్వాత తెరుచుకుంటుంది. పదిలో 90 శాతం, అంటే 600కి 540, కుటుంబ ఆదాయం రెండు లక్షల లోపు. దివ్యాంగులకు 75 శాతం చాలు. పరీక్ష, ఇంటర్వ్యూ దాటితే ఇంటర్ రెండేళ్లు సాయం, బాగా చదివితే డిగ్రీలో కూడా దాతలను జతచేస్తారు. డిగ్రీలో ఉన్న మీకు ఇది పనికిరాదు, మీ ఇంట్లో పదో తరగతి చదివే తమ్ముడికో చెల్లెలికో ఇవాళే చెప్పండి. సాయం అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచేది ఇదే.

అమ్మాయిలకు రెండు పెద్ద పేర్లు వినిపిస్తాయి. కోటక్ కన్య ఏడాదికి లక్షన్నర ఇస్తుంది, ఇంటర్‌లో 75 శాతం, ఆదాయం ఆరు లక్షల లోపు. అంకె చూసి బీఎస్సీ అమ్మాయిలు రోజుల తరబడి కాగితాలు పోగేస్తారు. అది ఇంజినీరింగ్, ఎంబీబీఎస్, ఫార్మసీ, నర్సింగ్, అయిదేళ్ల లా వంటి వృత్తి కోర్సులకు, అదీ గుర్తింపు ఉన్న సంస్థల్లో. మామూలు డిగ్రీ కాలేజీలో బీఎస్సీ ఆనర్స్‌కు కాదు. లోరియాల్ యువతుల సైన్స్ స్కాలర్‌షిప్ అలా కాదు. ఇంటర్ సైన్స్ గ్రూపులో 85 శాతంతో అదే ఏడాది పాసై సైన్స్ డిగ్రీలో చేరే అమ్మాయిలకు, ఆదాయం ఆరు లక్షల లోపు ఉంటే, చదువు మొత్తానికి రెండున్నర లక్షల వరకు ఇస్తుంది. నెల్లూరు డీకే మహిళా కాలేజీలో ఎంపీసీ, బైపీసీ నుంచి మంచి మార్కులతో వచ్చి చేరేవాళ్లు దీన్ని వదలకూడదు.

ఇవి దాతలవి. వీటి పక్కన కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌ను పెట్టి చూడాలి, ఎందుకంటే ఇద్దరినీ ఒకేసారి పట్టుకోవడం కుదరకపోవచ్చు. ఇంటర్ బోర్డులో మీ గ్రూపులో పాసైనవాళ్లలో పై 20 శాతంలో ఉండాలి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపు. డిగ్రీ మొదటి మూడేళ్లకు ఏటా 12,000, అంటే మొత్తం 36,000. ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉంటేనే రెన్యువల్. వేరే స్కాలర్‌షిప్ గానీ, రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ తీసుకోకూడదన్న షరతు ఇందులో ఉంది. 36,000 కోసం రెండు లక్షల అవకాశాన్ని వదులుకోవడం, లేదా రెండూ తీసుకుని ఒకటి దాచడం, రెండూ తప్పే. దాచినది ఆధార్ ద్వారా బయటపడితే వెనక్కి కట్టమంటారు, అప్పటికి ఆ డబ్బు మెస్ బిల్లుగా ఖర్చయిపోయి ఉంటుంది. రెండింటికీ దరఖాస్తు చేయడంలో తప్పు లేదు. పెద్దది ఖాయమైన రోజున చిన్నదాన్ని రాతపూర్వకంగా వదులుకోండి.

దాతల దగ్గర మాత్రం, రాష్ట్ర ప్రభుత్వ పోర్టల్ జ్ఞానభూమి ద్వారా వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి వేరు. అది కాలేజీ ఫీజు కోసం. చాలామంది దాతలు దాన్ని తప్పుగా చూడరు, కానీ ఫారంలో “ఇతర సాయం” గడిలో దాన్ని తప్పక రాయాలి. “ఇతర సాయం ఏదీ ఉండకూడదు” అన్న దాతకు ముందుగా మెయిల్ పెట్టి జవాబును దాచుకోండి.

ఎవరికి ఏది

మొదటి ఏడాదిలో ఉండి ఆదాయం రెండున్నర లక్షల లోపు అయితే రిలయన్స్ ముందు, అమ్మాయి, సైన్స్, 85 శాతం అయితే దానితో పాటు లోరియాల్, ఇవేవీ రాకపోతే సెంట్రల్ సెక్టార్. హెచ్‌డీఎఫ్‌సీ ఈ ఏడాది రాకపోయినా వచ్చే ఏడాది ఉంటుంది.

ఆదాయం రెండున్నర లక్షలు దాటి నాలుగున్నర లోపు ఉన్న కుటుంబాలది ఇరుకు పరిస్థితి. ఒంగోలులో చిన్న అంగడి నడిపేవాళ్లు, ప్రైవేటు బడి టీచర్లు చాలామంది ఇక్కడే ఉంటారు. చాలామంది సీఎస్ఆర్ వాళ్లకు వీళ్లు పేదలు కారు, రిలయన్స్‌కు అర్హత ఉన్నా ప్రాధాన్యం ఉండదు, బ్యాంకు రుణానికి ధైర్యం చాలదు. వీళ్లకు మార్కులే అండ. సెంట్రల్ సెక్టార్, కాలేజీ ఎండోమెంట్లు, పూర్వ విద్యార్థుల సాయం, ఈ వరసలో చూడాలి.

రెండో ఏడాదిలోనో మూడో ఏడాదిలోనో మేల్కొన్నవాళ్లకు పెద్ద ఫౌండేషన్ల దారి చాలావరకు మూసుకుపోయింది. బాధపడి లాభం లేదు. ఏటా ఇచ్చే సీఎస్ఆర్ స్కాలర్‌షిప్‌లు, ఊరి దాతలు మిగిలారు. వీళ్ల ముందు మీ బలం ఆరు సెమిస్టర్ల మార్కులు. 75 శాతం గీత పైన ఉన్నారా లేదా అన్నదే నాలుగో ఏడాదికి డబ్బు అడిగేటప్పుడు మొదట చూసే మాట. అయిదో సెమిస్టర్‌కు ముందే లెక్క చూసుకోండి, 73 దగ్గర ఉంటే మిగిలిన రెండు సెమిస్టర్లలో ఎంత కావాలో ఇప్పుడు తెలుస్తుంది, ఆరో సెమిస్టర్ అయ్యాక తెలిసి ప్రయోజనం లేదు.

ఇంకో మాట. మీ కాలేజీలో మీ సబ్జెక్టులో నాలుగో ఏడాది నడుస్తుందో లేదో ఆఫీసులో అడిగి తెలుసుకోండి. నడవకపోతే వేరే కాలేజీకి మారాలి, మారితే కొందరు దాతలు సాయం ఆపేస్తారు. ఆ సంగతి మూడో ఏడాది మొదట్లోనే దాతకు రాసి అనుమతి తీసుకోవాలి.

కాగితాల దగ్గర ఎక్కడ జారిపోతారు

బోనఫైడ్ సర్టిఫికెట్‌తో మొదలుపెడదాం. గుమాస్తా పాత నమూనాలో “బి.ఎస్సీ. మూడేళ్ల కోర్సు” అని టైపు చేసి ఇస్తారు. దాత మూడు వాయిదాలకే మంజూరు చేస్తాడు. నాలుగో ఏడాది అడిగితే “మీ కాలేజీయే మూడేళ్లని రాసింది” అంటారు. “నాలుగేళ్ల ఆనర్స్ ప్రోగ్రామ్, ఒకటో సంవత్సరం” అని స్పష్టంగా రాయించుకోండి, దరఖాస్తులో కోర్సు వ్యవధి గడిలోనూ అదే పెట్టండి.

పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరంతో, బ్యాంకు పుస్తకంలో అసలే ఉండదు. మనుషులు చూస్తే ఒకటే అనుకుంటారు, కంప్యూటర్ అనుకోదు. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని ఆధార్‌ను, ఆధార్‌ను బట్టి బ్యాంకు ఖాతాను సరిచేయించుకోండి. తిరగేసి చేయవద్దు, మెమోలో మార్పు చేయించడం అన్నిటికంటే కష్టం.

బ్యాంకు ఖాతా. ఇక్కడ మూడు చిక్కులు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. ఇంట్లో ఉన్న పాత పాస్‌బుక్ చూసి ఐఎఫ్‌ఎస్‌సీ రాస్తే సొమ్ము తిరిగి వెళ్లిపోవచ్చు. బ్రాంచికి వెళ్లి కొత్త పాస్‌బుక్ మొదటి పేజీ ముద్ర వేయించుకోండి. రెండోది, పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతాల్లో ఎప్పుడూ 50,000కి మించి నిల్వ ఉండకూడదు, ఏడాదికి మొత్తం లక్షకు మించి జమ కాకూడదు. అలాంటి ఖాతాలోకి పెద్ద వాయిదా పడితే వెనక్కి పోతుంది. ఖాతా ఏ రకమో అడిగి, పూర్తి కేవైసీ ఇచ్చి మార్పించుకోండి. మూడోది, పద్దెనిమిది నిండకముందు నాన్నతో కలిసి తెరిచిన మైనర్ ఖాతా. విద్యార్థి పేరు మీద ఒంటరి ఖాతా ఉండాలి.

ఆదాయ ధ్రువపత్రం. సచివాలయంలో దరఖాస్తు పెడితే తహసీల్దారు కార్యాలయం నుంచి వస్తుంది. అది ఇంకా చెల్లుతున్నా సరే, చాలామంది దాతలు ఏడాది లోపు జారీ అయినది అడుగుతారు. జూన్‌లోనే తీసుకోండి. అందులోని అంకె, ఫారంలో మీరు రాసే అంకె, తండ్రి వృత్తి మూడూ ఒకదానికొకటి పొంతన ఉండాలి. “ఆదాయం 60,000” అని పత్రంలో ఉండి, కింద ఖర్చుల్లో హాస్టల్‌కు 60,000 చూపితే చదివేవాళ్లు ఆగిపోతారు. మిగతాది ఎలా తెచ్చారో, అప్పా, అన్న పంపిందా, ఒక్క వాక్యంలో చెప్పండి.

జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4న హద్దులు మారాయి. కందుకూరు నెల్లూరు జిల్లాలోకి వచ్చింది, గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి, అద్దంకి, పర్చూరు, చీరాల బాపట్లలోకి పోయాయి. ఆ తర్వాత కూడా మార్పులు సాగాయి. “ప్రకాశం జిల్లా విద్యార్థులకు” అని దాత పెట్టిన నిధి ఏ హద్దుల ప్రకారమో ఫారంలో రాసి ఉండదు. పాత నిధి అయితే పాత జిల్లాయే దాత మనసులో ఉంటుంది. మీ సర్టిఫికెట్లలో రెండు జిల్లాల పేర్లు ఉంటే, ఎందుకు అలా ఉన్నాయో చిన్న వివరణ జతచేసి దరఖాస్తు పెట్టండి, మీకు మీరే అనర్హులమని తేల్చుకోవద్దు.

నెట్ సెంటర్. ఇది చాలామందిని దెబ్బతీస్తుంది. నెట్ సెంటర్‌లో తొందరలో వాళ్ల ఫోన్ నంబరో, అప్పటికప్పుడు తెరిచిన మెయిలో పెట్టేస్తారు. తర్వాత ఓటీపీ, పరీక్ష లింకు, ఇంటర్వ్యూ పిలుపు అన్నీ అక్కడికే పోతాయి. కనీసం మెయిల్, ఫోన్, పాస్‌వర్డ్ ఈ మూడూ మీ చేత్తో టైపు చేయండి. నాలుగేళ్లూ ఆ నంబరు మార్చకండి. దరఖాస్తుకు స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్లే డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి, నిజమైన దాత రిజిస్ట్రేషన్ ఫీజు తీసుకోడు.

ఇంటర్న్‌షిప్ సెమిస్టర్‌లో ఇంకో గొడవ వస్తుంది. కాలేజీకి రారు కాబట్టి హాజరు పట్టీ ఖాళీగా ఉంటుంది, రెన్యువల్ ఫారం 75 శాతం హాజరు అడుగుతుంది. ఇంటర్న్‌షిప్ పెట్టిన సంస్థ ఇచ్చే హాజరు పత్రం మీద ప్రిన్సిపాల్ సంతకం అప్పుడే చేయించుకోండి. ఒక పేపరు మిగిలిపోయి ఉంటే కొందరు దాతలు సప్లిమెంటరీ ఫలితం దాకా ఆగుతారు, కొందరు ఆగరు. అడగకుండా మౌనంగా ఉంటే ఎవరూ ఆగరు.

మార్కుల శాతం అడిగిన చోట సీజీపీఏను మీకు తోచినట్టు పదితో గుణించవద్దు. యూనివర్సిటీ మార్పిడి సూత్రం ప్రకారం శాతం వేయించిన పత్రం తీసుకోండి. విక్రమ సింహపురి పరిధిలో చదివేవాళ్లకు అది కాకుటూరులో, ఆంధ్రకేసరి వాళ్లకు ఒంగోలులో పరీక్షల విభాగంలో అడగాలి.

అవసరం గురించి రాసే పేరా

“మాది పేద కుటుంబం, దయచేసి సాయం చేయండి” అన్న వాక్యం ప్రతి దరఖాస్తులోనూ ఉంటుంది. చదివేవాళ్లకు దానివల్ల ఏమీ తెలియదు. పైన వేసిన లెక్క ఇక్కడ పనికొస్తుంది. “ఏడాది ఖర్చు 58,500. నాన్న కౌలు సేద్యం, ఇంటి నుంచి 20,000 ఇవ్వగలరు. 38,500 లోటు. మీ సాయం 30,000 అయితే మిగిలిన 8,500 సెలవుల్లో ట్యూషన్లు చెప్పి తెచ్చుకుంటాను.” ఈ నాలుగు వాక్యాల్లో నిజం ఉంది, బాధ్యత ఉంది, దాత సొమ్ము ఎటు పోతుందో ఉంది. తర్వాత ఆనర్స్ ఎందుకో రెండు వాక్యాలు: ఏ సబ్జెక్టు, నాలుగో ఏడాది ఏం చేయాలని, ఆపైన ఏమిటి. తెలుగులో రాయడానికి వీలుంటే తెలుగులోనే రాయండి, అరువు ఇంగ్లిషు కంటే నయం.

ఇంటర్వ్యూలో ఈ అంకెలే మళ్లీ అడుగుతారు. ఫారం కాపీ దగ్గర పెట్టుకోండి, రాసింది ఒకటి చెప్పింది ఒకటి కాకూడదు.

చివరి దారి: కాలేజీ ఎండోమెంట్ రిజిస్టరు

ముందు చెప్పిన పేరుకుపోయే డబ్బు సంగతి ఇది. చాలా ఏళ్ల చరిత్ర ఉన్న కాలేజీల్లో ఎండోమెంట్ల వివరాలు రాసిన రిజిస్టరు ఆఫీసులో ఉంటుంది: దాత పేరు, మూలధనం, నియమం, ఎవరికి ఇచ్చారు. కావలి జవహర్ భారతి, ఒంగోలు శర్మ కాలేజీ వంటి పాత విద్యాసంస్థల విద్యార్థులు తమ కాలేజీలో అలాంటివి ఏమున్నాయో అడగాలి. డిపార్ట్‌మెంట్ హెడ్ ద్వారా ప్రిన్సిపాల్‌కు ఒక పేజీ లేఖ రాయండి. మా సబ్జెక్టుకు ఏ ఎండోమెంట్లు ఉన్నాయి, వాటిలో ఈ ఏడాది ఇవ్వనివి ఏవి, నాలుగో ఏడాది ఆనర్స్ విద్యార్థులకు ఇవ్వడానికి నియమం ఒప్పుకుంటుందా, ఈ మూడు ప్రశ్నలు చాలు. మూడేళ్ల డిగ్రీ రోజుల్లో రాసిన నియమాల్లో “చివరి సంవత్సరం విద్యార్థి” అని ఉంటుంది. ఇప్పుడు చివరి సంవత్సరం ఏది, మూడోదా నాలుగోదా? ఆ నిర్ణయం కాలేజీ కమిటీ చేతిలో, ఉంటే దాత కుటుంబం చేతిలో ఉంటుంది. అడిగినవాళ్లు ఉంటే కమిటీ ముందుకు ఆ మాట వెళుతుంది.

దాత కుటుంబం ఊళ్లోనే ఉంటే ప్రిన్సిపాల్ ద్వారా వెళ్లి కలవండి. మార్కుల పత్రం, ఏడాది ఖర్చు లెక్క, నాలుగో ఏడాది ప్రాజెక్టు గురించి పది వాక్యాలు తీసుకెళ్లండి. డబ్బు చేతికి అడగకుండా హాస్టల్‌కో కాలేజీకో నేరుగా కట్టమనండి, రసీదు కాపీ మీరే తీసుకెళ్లి ఇవ్వండి. ప్రతి సెమిస్టర్ ఫలితం వచ్చిన వారంలో మార్కులతో ఒక ఉత్తరం రాయండి. ఫలితం బాగోలేకపోతే ఆ వారంలోనే, ఎందుకు తగ్గిందో కూడా రాసి పంపండి.